బీదవానికి న్యాయసహాయము

2006వ సంవత్సరము ఆగస్టు మాసమున మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు వరుసగా పదునైదు దినములు బడికి రాలేదు. అప్పుడు నేను ఆ పాఠశాలలో తెలుగు పండితుడను. గణవిభజనలో ఎన్నడును తప్పు చేయని బాలుడగుటచే వాని లేమి నాకు వెంటనే తెలిసినది. ఒకనాటి సాయంకాలము కొత్తగూడెములోని వారి బస్తీకి వెళ్లి విచారింపగా, వాడు బజారులో ఒక సైకిలు దుకాణమున పనికి కుదిరెనని చెప్పిరి. వాని తల్లి వాకిట కూర్చుండి చేటలో బియ్యము ఏరుచుండెను.

ఆమె చెప్పిన కథ యిది. ఆమె భర్త బొగ్గు ఎగుమతి చేయుచోట ఒక కాంట్రాక్టరు క్రింద కూలిపని చేయుచుండెను. 2004వ సంవత్సరము డిసెంబరులో పనిలో నుండగనే ప్రమాదము జరిగి మరణించెను. వయస్సు నలువది యేండ్లు. దినకర్మలు ముగిసిన పిమ్మట కాంట్రాక్టరు మనుష్యులు వచ్చి ఇరువది వేల రూపాయలిచ్చి, ఒక కాగితముపై ఆమెచే వ్రేలిముద్ర వేయించుకొనిరి. ఇకమీదట తమకు ఏ హక్కును లేదనియు, ఎవరిపైనను దావా వేయమనియు ఆ కాగితములో నున్నదట. అది ఆమెకు ఎవ్వరును చదివి వినిపింపలేదు. కొంతకాలమునకు మధ్యవర్తి యొకడు వచ్చి, ముందుగా ఐదువేల రూపాయలిచ్చినచో కేసు నడిపింతుననియు, వచ్చినదానిలో సగము తనదనియు చెప్పెను. ఆమె కడ ఐదువేలు లేవు. ఇంతలో ఏడాదిన్నర దాటినది.

"వకీలుకు ఇయ్యటానికి పైసలు యాడున్నయి సారూ? ఏలిముద్ర గూడ ఏసిస్తినాయె" అని ఆమె యనెను.

నిజము చెప్పవలయునన్న, ఆనాడు ఆమెకేమి చెప్పవలయునో నాకును తెలియదు. ప్రబంధపద్యమునకు ప్రతిపదార్థము చెప్పగలవాడనే గాని, చట్టములోని వాక్యమొక్కదానికి అర్థము చెప్పజాలని వాడను. విచారించి చెప్పెదనమ్మా యని లేచి వచ్చితిని.

బాలబాలికలారా, ఆ తల్లి సంగతి యేమైనదో పిమ్మట చెప్పెదను. ఆ రాత్రి నన్ను నిద్రపోనీయని ప్రశ్న యొకటి కలదు. దానిని ముందుగా మీ యెదుట నుంచెదను. దేశమున చట్టమున్నది. న్యాయస్థానమున్నది. అందు న్యాయమూర్తి ఇరుపక్షముల వాదమును విని తీర్పు చెప్పును. ఒక పక్షమున ఆరితేరిన వకీలు నిలిచి, రెండవ పక్షమున నోరు పెగలని బీదవాడొక్కడే నిలిచినచో ఆ న్యాయమూర్తి వినునదేమి? ఎంతటి ధర్మాత్ముడైనను ఆయన తన యెదుట పెట్టిన కాగితములను, సాక్ష్యములను బట్టియే కదా తీర్పు చెప్పవలయును. బీదవాని సాక్ష్యము ఆయన యెదుటికి వచ్చుటెట్లు?

ఈ ప్రశ్న మనకు మాత్రమే కలిగినది కాదు. అమెరికా దేశమున ఫ్లోరిడా రాష్ట్రములో క్లారెన్సు ఎర్ల్ గిడియన్ అను బీదవాడొకడుండెను. 1961లో అతడు ఒక ఆటశాలలోనికి చొరబడి దొంగిలించెనని నేరము మోపిరి. తనకు వకీలును పెట్టుకొను శక్తి లేదనియు, ప్రభుత్వమే ఒకరిని నియమింపవలయుననియు అతడు న్యాయస్థానమును కోరెను. మరణశిక్ష పడదగిన నేరములకు మాత్రమే అట్టి సౌకర్యము కలదని న్యాయమూర్తి నిరాకరించెను. గిడియన్ తనకు తానే వాదించుకొని, ఓడి, ఐదేండ్ల శిక్షకు గురియయ్యెను. చెరసాలలో కూర్చుండి, అచ్చట దొరకిన కాగితముపై పెన్సిలుతో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమునకు విన్నపము వ్రాసికొనెను. 1963 మార్చి 18వ తేదీన ఆ న్యాయస్థానము అతని మాటయే సరియైనదని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. మరల విచారణ జరిగినది. ఈసారి అతని పక్షమున వకీలు నిలిచి సాక్షులను ప్రశ్నించెను. అదే నేరము, అదే ఊరు. జూరీవారు గిడియన్ నిర్దోషియని తేల్చిరి. ఇంగ్లండులో అంతకు ముందే, 1949లో, న్యాయసహాయమునకై ప్రత్యేకముగ శాసనము చేసియుండిరి.

మన రాజ్యాంగము 22వ అధికరణమున, నిర్బంధింపబడినవాడు తనకిష్టమైన న్యాయవాదిని సంప్రదింపవచ్చునని చెప్పినది. అయితే ఇష్టమైన న్యాయవాదికి ఇచ్చుకొనుటకు రుసుము లేనివాని మాట యేమి? ఈ లోటును గూర్చి పట్టుదలతో ఆలోచించినవారిలో ఇద్దరు న్యాయమూర్తులు ముఖ్యులు. ఒకరు కేరళకు చెందిన వి. ఆర్. కృష్ణయ్యర్. ఆయన అధ్యక్షతన గల సంఘము 1973లో న్యాయసహాయమును గూర్చి నివేదిక నిచ్చినది. రెండవవారు గుజరాతుకు చెందిన పి. ఎన్. భగవతి. వీరి కృషి ఫలించి, 1976లో చేసిన 42వ సవరణ ద్వారా రాజ్యాంగమున 39-ఎ అను క్రొత్త అధికరణము చేరినది. బీదతనముచేత గాని, మరి యే ఇతర లోపముచేత గాని ఏ పౌరునికిని న్యాయము అందకుండ పోరాదనియు, అందుకై రాజ్యము ఉచిత న్యాయసహాయము నేర్పాటు చేయవలయుననియు దాని సారాంశము.

కాగితముపై వ్రాసినంత మాత్రమున కార్యము కాదు. 1979 ప్రారంభమున బీహారు చెరసాలలలో విచారణ లేకయే మగ్గుచున్న ఖైదీలను గూర్చి పత్రికలో వ్యాసములు వెలువడెను. వారిలో కొందరు తమపై మోపిన నేరమునకు పడదగిన గరిష్ఠశిక్ష కన్న అధికకాలము చెరలో గడపినవారు. వారికి జామీను నిచ్చువారు లేరు, వాదించువారు లేరు. కపిలా హింగోరాణీ యను న్యాయవాదిని ఆ వ్యాసములను చదివి, సుప్రీంకోర్టులో దావా వేసెను. ఖైదీలలో ఒకరగు హుస్సేనారా ఖాతూన్ పేర ఆ దావా ప్రసిద్ధి కెక్కినది. బీదయగు నిందితునికి ప్రభుత్వ వ్యయముపై న్యాయవాదిని ఇచ్చుట దయాధర్మము కాదనియు, జీవించు హక్కులోనే అది యిమిడియున్నదనియు న్యాయమూర్తి భగవతి తీర్పు చెప్పిరి. వేలకొలది ఖైదీలు విడుదల యైరి. దయాధర్మమునకును హక్కునకును గల భేదమును ఇచ్చట మీరు గుర్తింపవలయును. ధర్మమడుగువాడు దాత గుమ్మము వద్ద ఎంతసేపైనను నిలిచియుండవలయును. కాదన్నచో మారుమాటాడక మరలిపోవలయును. హక్కుగలవాడు కాదన్నవానిని 'ఏల కాదు?' అని ప్రశ్నింపవచ్చును.

పిమ్మట పార్లమెంటు 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టమును చేసెను. అది 1995 నవంబరు 9వ తేదీన అమలులోనికి వచ్చినది. అందుచేతనే ఏటేట నవంబరు 9ని న్యాయసేవా దినముగా జరుపుచున్నారు. ఈ చట్టము ప్రకారము ఢిల్లీలో జాతీయ న్యాయసేవాధికార సంస్థ, రాష్ట్రమున కొకటి, జిల్లాకొకటి చొప్పున అట్టి సంస్థలు, వాని క్రింద మండల న్యాయసేవా కమిటీలు ఏర్పడినవి. జిల్లా సంస్థకు జిల్లా ప్రధాన న్యాయమూర్తియే అధ్యక్షుడు. దైనందిన వ్యవహారమును చూచు కార్యదర్శియు న్యాయాధికారియే. మండల కమిటీకి ఆ ప్రాంతపు న్యాయాధికారులలో జ్యేష్ఠుడు అధ్యక్షుడుగా నుండును. అనగా ఈ సంస్థ ఎక్కడనో వెదకి పట్టుకొనవలసినది కాదు; న్యాయస్థానమున్న ఆవరణలోనే యుండును. నా శిష్యుడొకడు కొత్తగూడెము న్యాయస్థానమున గుమాస్తాగా నుండెను. మరునాడు ఆతనిని కలిసి ఆ తల్లి సంగతి చెప్పగా, "మీరు రోజూ బడికి పోవు త్రోవ పక్కనే యున్నది గద సార్" అని నవ్వెను. పదునైదేండ్లుగా ఆ త్రోవను నడచుచు నేనా పలకను చదువనేలేదు.

ఇంతకును ఈ సహాయమునకు అర్హులెవ్వరు? ఇచ్చటనే అనేకులు పొరపాటు పడుదురు. రేషను కార్డు గల నిరుపేదలకు మాత్రమే యిది యని వారి తలంపు. చట్టములోని 12వ విభాగమును చదివినచో సంగతి వేరుగా నున్నది. స్త్రీలందరును అర్హులు. పిల్లలందరును అర్హులు. షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు, వికలాంగులు, వెట్టిచాకిరికి గాని మనుష్యుల అక్రమ రవాణాకు గాని గురియైనవారు, వరదలు, కరవు, భూకంపము, పారిశ్రామిక ప్రమాదము మొదలగు విపత్తులలో చిక్కినవారు, నిర్బంధములో నున్నవారు - వీరందరును అర్హులే. వీరికి ఆదాయ పరిమితి లేదు. ఈ వర్గములలో దేనికిని చెందనివారు మాత్రము తమ ఆదాయము రాష్ట్రప్రభుత్వము నిర్ణయించిన పరిమితికి లోబడియున్నదని అఫిడవిట్, అనగా ప్రమాణపూర్వకమైన పత్రము, వ్రాసి యిచ్చినచో చాలును.

ఆ జాబితాలో మన ప్రాంతమువారు ముఖ్యముగా గుర్తుంచుకొనదగిన మాట యింకొకటి కలదు: పారిశ్రామిక కార్మికుడు. 1889లో ఎల్లందులో బొగ్గు త్రవ్వకము ఆరంభమైనది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. నాటినుండి గోదావరిలోయ పొడవునను కొత్తగూడెము, మణుగూరు, రామగుండము, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, భూపాలపల్లి - ఇట్లు ఊరి వెంట ఊరు బొగ్గుబావుల చుట్టు పెరిగినది. బావిలోనికి దిగు కార్మికుడు, పైన బొగ్గునెత్తు కాంట్రాక్టు కూలి, వర్కుషాపులో ఇనుము కోయువాడు, వీరెల్లరును పారిశ్రామిక కార్మికులే. మీరొక సాయంకాలము మీ వీధిలో నిలిచి లెక్కించి చూడుడు. మొదట స్త్రీలను తీసివేయుడు, పిమ్మట పిల్లలను, పిమ్మట కార్మికులను, పిమ్మట మిగిలినవారిలో షెడ్యూల్డు కులములవారిని, తెగలవారిని. ఇక మిగులువారు కొందరు వర్తకులు, నావంటి పింఛనుదారులు. మేము మాత్రము ఆదాయము లెక్క చూపవలసినవారమే. బొగ్గుగనుల ప్రాంతమున న్యాయసహాయము కొద్దిమందికి చెందిన వస్తువు కాదు. వీధికి వీధియే దానికి హక్కుదారు.

ఒక షరతు కలదు. దావాలో గాని, సమాధానములో గాని కొంత బలమున్నదని సంస్థవారికి తోచవలయును. ఊరకయే పొరుగువానిని వేధించుటకు వేసిన దావాకు సహాయము లభింపదు. దరఖాస్తును త్రోసిపుచ్చినచో ఆ సంస్థ అధ్యక్షునికి అప్పీలు చేసికొనవచ్చును.

దరఖాస్తును తెల్లకాగితముపై తెలుగులో వ్రాసి యీయవచ్చును. వ్రాయుట రానివారు నోటితో చెప్పినచో అచ్చటివారు వ్రాసికొందురు. 15100 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి సలహా నడుగవచ్చును. 2009 నుండి ఊరూర పారా లీగల్ వాలంటీర్లు అను సేవకులకు శిక్షణ నిచ్చుచున్నారు. వారు వకీళ్లు కారు. త్రోవ చూపువారు, కాగితములు వ్రాసిపెట్టువారు. దరఖాస్తు అంగీకరింపబడిన పిమ్మట సంస్థవారు తమ పట్టికలోని న్యాయవాది నొకరిని నియమింతురు. కోర్టు రుసుము, నోటీసుల ఖర్చు, నకళ్ల ఖర్చు, అనువాదపు ఖర్చు, న్యాయవాది పారితోషికము సంస్థయే భరించును. ఆ న్యాయవాది కక్షిదారుని యొద్ద ధనరూపమున గాని, వస్తురూపమున గాని ఏమియు స్వీకరింపరాదు. అడిగినచో కార్యదర్శికి చెప్పవలయును. పట్టించుకొననిచో వేరొకరిని కోరవచ్చును. ఉచితముగా వచ్చు వకీలు శ్రద్ధగా పనిచేయునా యని మీ పెద్దలు శంకింతురు. శంక పూర్తిగా నిరాధారమని నేననను. కొందరు ప్రాణము పెట్టి వాదింతురు; కొందరు వాయిదాకు వచ్చి వాయిదా కోరి పోవుదురు. డబ్బు పుచ్చుకొన్న వకీళ్లలోను ఈ రెండు విధములవారు కలరు. వాయిదా తేదీని తానును వ్రాసికొని, ప్రతిసారియు స్వయముగా వచ్చి కూర్చుండు కక్షిదారుని ఏ వకీలును తేలికగా చూడడు.

నేరము మోపబడి నిర్బంధములో నున్నవారి విషయమున ఆలస్యము మరింత ప్రమాదకరము. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 341వ విభాగము, వకీలును పెట్టుకొనలేని నిందితునికి న్యాయస్థానమున జరుగు విచారణలో గాని, అప్పీలులో గాని ప్రభుత్వ వ్యయముపై న్యాయవాదిని ఇయ్యవలయునని శాసించుచున్నది. 2022 నుండి దేశమున పలు జిల్లాలలో ఇందుకొరకే పూర్తికాలము పనిచేయు న్యాయవాదులను నియమించుచున్నారు.

పూర్వము కొత్తగూడెమువారు జిల్లా న్యాయస్థానమునకు పోవలయునన్న దాదాపు ఎనుబది కిలోమీటర్లు ప్రయాణము చేసి ఖమ్మము చేరవలసియుండెను. భద్రాద్రి కొత్తగూడెము జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. 2022 జూన్ 2న తెలంగాణలో క్రొత్త జిల్లా న్యాయస్థానములు ప్రారంభింపబడినప్పుడు కొత్తగూడెమునకును ఒకటి వచ్చినది. దానితో జిల్లా న్యాయసేవాధికార సంస్థయు వచ్చినది. ఒక దినపు కూలి పోగొట్టుకొని, బస్సు చార్జీ పెట్టుకొని పోవలసినవానికి ఈ ఎనుబది కిలోమీటర్లు ఎంతటి బరువో చెప్పనక్కరలేదు. ఉచితమన్న మాటలో బస్సు చార్జీ చేరియుండదు.

న్యాయసహాయము సివిలు, క్రిమినలు కోర్టులకే పరిమితము కాదు. రెవెన్యూ కోర్టులు, ట్రిబ్యునళ్లు, తీర్పు చెప్పు అధికారము గల ఇతర అధికారుల యెదుట నడచు వ్యవహారములకును అది వర్తించును. మన జిల్లాలో ఇది చాల ముఖ్యము. జిల్లాలో అధికభాగము షెడ్యూల్డు ప్రాంతము. అచ్చటి భూములను గూర్చి 1959లో చేసి 1970లో సవరించిన నిబంధన యొకటి కలదు. ప్రజలు దానిని 1/70 చట్టమని పిలుతురు. దాని ప్రకారము షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనుని భూమి గిరిజనేతరునకు బదిలీ చేయుట చెల్లదు. ఆ వివాదములు ప్రత్యేకాధికారుల యెదుట విచారణకు వచ్చును. గుండాల అడవిలోని కోయరైతు ఆ కచ్చేరికి ఒంటరిగా పోనక్కరలేదు. షెడ్యూల్డు తెగవాడగుటచే ఆదాయము మాట యెత్తకయే న్యాయవాదిని కోరవచ్చును.

అసలు వకీలే అక్కరలేని వ్యవహారములును కొన్ని కలవు. బావిలో ముప్పదియేండ్లు పనిచేసి దిగిపోయినవాడు వచ్చిన సొమ్మంతయు కొడుకులకు పంచియిచ్చి, పిమ్మట వారి గుమ్మముననే అన్నమునకు ఎదురుచూచుట మన బస్తీలలో ఎరుగనివారు లేరు. అట్టి తల్లిదండ్రులు 2007లో చేసిన చట్టము ప్రకారము రెవెన్యూ డివిజను స్థాయి అధికారి అధ్యక్షతన గల ట్రిబ్యునలుకు స్వయముగా దరఖాస్తు పెట్టుకొని పోషణవ్యయమును పొందవచ్చును. లోపముగల వస్తువు నమ్మిన వర్తకునిపై 2019 నాటి చట్టము ప్రకారము వినియోగదారుల కమిషనులో ఫిర్యాదును ఎవరికి వారే దాఖలు చేసి వాదించుకొనవచ్చును. వ్యవహారమునకు కావలసిన కాగితము ప్రభుత్వ కార్యాలయములో నున్నచో, 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము దాని నకలు కోరవచ్చును. ముప్పది దినములలో సమాధానమీయవలయును.

లోక్ అదాలత్ అను మాట మీరు వినియేయుందురు. 1982లో గుజరాతులోని జునాగఢ్ జిల్లాలో ఆరంభమైన ఈ పద్ధతికి 1987 నాటి చట్టము బలము చేకూర్చినది. ఇచ్చట గెలుపోటములుండవు. ఇరుపక్షములవారును కూర్చుండి, న్యాయాధికారి సమక్షమున రాజీకి వత్తురు. కోర్టులో నున్న దావా ఇచ్చట పరిష్కారమైనచో కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. ఇచ్చట జరిగిన పరిష్కారము సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. ఈ కడపటి మాటను తేలికగా విడువరాదు. అప్పీలు లేదనుట శీఘ్రముగా తెమలగోరువానికి లాభమే. చదువక సంతకము చేయువానికి అదియే ముప్పు. రాజీపత్రమును తెలుగులో చదివి వినిపింపుమని కోరుటకు ఎవ్వరును సిగ్గుపడనక్కరలేదు. ఒప్పుకొనుట యిష్టము లేనిచో లేచి వచ్చి, దావాను కోర్టులోనే కొనసాగింపవచ్చును. బస్సులు, తపాలా, విద్యుత్తు, నీరు, ఆసుపత్రి, బీమా మొదలగు సేవలను గూర్చిన తగవులకై 2002 నాటి సవరణచే శాశ్వత లోక్ అదాలత్‌లు ఏర్పడినవి.

ఇక ఆ తల్లి సంగతి. ఆమెను వెంటబెట్టుకొని కొత్తగూడెము న్యాయస్థాన ఆవరణలోని మండల న్యాయసేవా కమిటీకి పోతిమి. స్త్రీయగుటచే అర్హతను గూర్చి ప్రశ్నయే రాలేదు. నియమితుడైన న్యాయవాది యువకుడు. ఆమె చెప్పినదంతయు విని, మొదట అడిగిన ప్రశ్న ఇచ్చిన సొమ్మును గూర్చి కాదు, "మరణించిన తేదీ యెప్పుడమ్మా?" అని. అప్పటికి సెప్టెంబరు నడుచుచున్నది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టము దావాకు రెండేండ్ల గడువు పెట్టినది. మూడుమాసములు కూడ మిగిలియుండలేదు. దాటియున్నచో ఆలస్యమునకు తగిన కారణము చూపి అధికారిని ఒప్పింపవలసి వచ్చెడిది.

వ్రేలిముద్ర కాగితమును గూర్చి నేను భయపడుచునే అడిగితిని. ఆయన నవ్వి, పుస్తకము తీసి రెండు విభాగములను చదివి వినిపించెను. పనిలో మరణించిన కార్మికుని పరిహారమును యజమాని నేరుగా కుటుంబమువారి చేతికి ఇచ్చి చేతులు దులుపుకొనరాదు. కమిషనరు కచ్చేరిలో జమకట్టవలయును. చేతికిచ్చినది పరిహారముగా లెక్కకు రాదు. మూడుమాసముల జీతమునకు మించని మొత్తమును మాత్రము ముందస్తుగా భావింపవచ్చును. పరిహారపు హక్కును వదలుకొనునట్లు వ్రాయించుకొన్న ఒప్పందము చెల్లనే చెల్లదు. ఏ కాగితమును తలచుకొని ఆ తల్లి ఏడాదిన్నర నోరు మూసికొనియుండెనో, ఆ కాగితమునకు విలువయే లేదు. (1923 నాటి ఆ చట్టమును పిమ్మట 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిపిరి.)

ఇక మీకు వచ్చిన లెక్క. ఆ రోజులలో మరణమునకు పరిహారము కట్టు పద్ధతి యిది: నెలజీతములో సగమును, వయస్సును బట్టి చట్టములో నిర్ణయించిన సంఖ్యచే గుణింపవలయును. నలువది యేండ్ల వానికి ఆ సంఖ్య 184.17. నెలకు మూడువేల రూపాయలు వచ్చెడివని ఆమె చెప్పెను. సగము 1,500. దానిని 184.17 చే గుణింపగా 2,76,255 రూపాయలు. కాంట్రాక్టరు ఇచ్చినది ఇరువది వేలు. చిల్లుపడిన చేటను ఒడిలో పెట్టుకొని యున్న ఆమెకు ఈ సంఖ్య చెప్పినప్పుడు ఆమె నమ్మలేదు. మాటిమాటికి కొడుకు ముఖమును చూచెను.

దరఖాస్తు వేసిన మరునాడే బాలుడు బడికి వచ్చెనని చెప్పిన కథకు అందము వచ్చునుగాని, అట్లు జరుగలేదు. కార్మికశాఖాధికారి యెదుట విచారణ ఏడాదిన్నర నడచెను. వాయిదాకు వాయిదాకు నడుమ ఇల్లు గడువవలయును గదా. బాలునికి ఆ సంవత్సరము చదువు పోయినది. మరుసటి జూనులో మరల ఎనిమిదవ తరగతిలోనే, తనకన్న చిన్నవారి నడుమ వచ్చి కూర్చుండెను. జీతము సంగతి వచ్చినప్పుడు ఎదుటిపక్షమువారు తమ పుస్తకమును చూపిరి. అందు నెలకు 2,400 అని యున్నది. మూడువేలని నిరూపించుటకు ఆమె కడ చీటి యొక్కటియు లేదు. అధికారి 2,400 నే అంగీకరించి, పరిహారము 2,21,004 రూపాయలుగా వడ్డీతో నిర్ణయించెను. బాలుని వాటాను వాని పేర బ్యాంకులో నిలువ చేయించిరి. చీటి లేనందున పోయినది 55,251 రూపాయలు. న్యాయవాదికి గాని, కోర్టుకు గాని ఆమె చేతినుండి పైసయు పోలేదు.

ఆ బాలుడు నేడు రామగుండము వైపు ఒక వర్కుషాపులో ఫిట్టరుగా పనిచేయుచున్నాడు. మొన్న పండుగకు వచ్చినప్పుడు వారి యింటికి పిలిచిరి. తలుపు వెనుక మేకునకు వంపుతీగ యొకటి వ్రేలాడుచున్నది. దానికి అతడు ఉద్యోగమున చేరిన నెల మొదలు వచ్చిన జీతపు చీటీలన్నియు వరుసగా గ్రుచ్చియున్నవి.